బాలుర చిత్రకార చరిత్రలు - సత్యనిర్ణయము

బాలురకై రచింపబడిన చిత్రకారుల జీవితచరిత్రలలో నొక ఘట్టము తరచుగ గానవచ్చును. ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగర ప్రాంతమున నొక బాలుడు గొఱ్ఱెలను మేపుచు, చదునైన రాతిపై మొనగల రాతితో గొఱ్ఱె బొమ్మను గీయుచుండెను. ఆ దారిని బోవుచున్న చిమాబూవే యను చిత్రకారుడు దానిని జూచి యచ్చెరువంది, బాలుని శిష్యునిగా గైకొనెను. ఆ బాలుడే జొత్తో. కథ మనోహరమైనది. అది చరిత్ర యగునా యనునదే విచార్యము.

జొత్తో 1337లో మరణించెను. ఈ కథను గిబెర్తి యను శిల్పి సుమారు నూరేండ్లకు పిదప వ్రాసెను. జోర్జో వసారి 1550లో ప్రకటించి, 1568లో పెంచిన కళాకార చరిత్రలవలన నది లోకమున వ్యాపించెను. 14వ శతాబ్ది చివర దాంతే కావ్యమునకు వెలసిన యొక వ్యాఖ్యలో వేరొక కథ కలదు. తండ్రి యతనిని ఉన్ని పనిలో బెట్టగా, బాలుడు చిమాబూవే కర్మశాలకు బోయి కూర్చుండెడివాడట. ఈ రెండు కథలును పొసగవు. అంతియ కాదు, కస్తాన్యో, బెక్కఫూమి, ఆంద్రియా సాన్సోవీనో మువ్వురును బాల్యమున పశువులను గాచుచు బొమ్మలు చేయుచుండగా నొక పెద్దమనిషి కంటబడిరని వసారియే వ్రాసెను. ఒకే కథ నలుగురి బాల్యమునకు సరిపోయినచో, అది వ్యక్తి చరిత్రకంటె కథాసంప్రదాయమునకు చెందినదని శంకింపవలసియుండును. 1934లో వియన్నాలో ఎర్న్‌స్ట్ క్రిస్, ఒట్టో కుర్జ్ అను పండితులు ప్రకటించిన గ్రంథమున కళాకారుల కథలలోని యిట్టి పునరావృత్తులను సోదాహరణముగ నిరూపించిరి.

బాలురకు కథ చాలును, నిజమేల యని కొందరందురు. మే మీ మాట నంగీకరింపజాలము. ఈ కథ దాచునది చిన్న విషయము కాదు. చెన్నీనో చెన్నీని తన చిత్రకళా గ్రంథమున, జొత్తో శిష్యుడగు తద్దేయో గద్ది 24 ఏండ్లు గురువునొద్ద నుండెననియు, తాను తద్దేయో కుమారుడగు ఆన్యోలో నొద్ద 12 ఏండ్లు నేర్చితిననియు చెప్పెను. రంగులు నూరుట, పలక సిద్ధము చేయుట, నిత్యము గీయుట - ఇదియే ఆనాటి విద్య. గొఱ్ఱెలకాపరి కథను మాత్రమే చదివిన బాలుడు, ప్రతిభ యనగా నొక గొప్పవాని కంటబడుటయే యని తలచును. గీత కుదురక కాగితము చింపుకొను బాలునకు ఆ కథకంటె ఈ 12 ఏండ్ల మాటయే ధైర్యము నిచ్చును.

మరణ ఘట్టమునందును ఇదే చిక్కు. లియొనార్డో 1519 మే 2న ఫ్రాన్సు దేశమున మరణించెను. రాజగు మొదటి ఫ్రాన్సిస్ చేతులలో ప్రాణము విడిచెనని వసారి వ్రాసెను. 1818లో ఆంగ్ర్ దానిని చిత్రించెను. అయితే శిష్యుడగు మెల్జీ 1519 జూన్ 1న లియొనార్డో సోదరులకు వ్రాసిన లేఖలో మరణసమయమున రాజు చెంత నుండెనను మాటయే లేదు. లియొనార్డో మరణించిన మరుసటిదినమున సేంజెర్మెనునుండి రాజశాసన మొకటి వెలువడెను. రాజు లేకయే యది వెలువడి యుండవచ్చునని వాదించినవారును గలరు. కావున నీ ఘట్టమును 'వసారి ఇట్లు చెప్పెను' అని మాత్రమే వ్రాయుట న్యాయము.

వాన్ గో జీవితకాలమున నొక్క చిత్రమే అమ్ముడయ్యెననుట మరియొకటి. 1890లో బ్రస్సెల్సు ప్రదర్శనమున 'ఎఱ్ఱ ద్రాక్షతోట'ను ఆనా బొక్ 400 ఫ్రాంకులకు కొనుట నిజమే. కాని 1882లోనే అతని పినతండ్రి హేగు నగర దృశ్యములు 12 కలము చిత్రములుగ గీయించుకొని 30 గిల్డర్లు చెల్లించెను. అతడు చిత్రకళను వృత్తిగా గైకొన్నది 1880లో, మరణించినది 1890లో. ఈ పదేండ్ల కాలమును చెప్పక, అమ్మకమును మాత్రమే చెప్పిన వాక్యము సగము సత్యము.

కథలను బాలురనుండి తొలగింపుమని మేము చెప్పుట లేదు. కథను కథగా, పత్రమును పత్రముగా చెప్పవలెనని మాత్రమే మా మనవి. 'అని చెప్పుదురు' అను రెండు మాటలు బాలుని యానందమును తగ్గింపవు. 'ఎవరు చెప్పిరి?' అని యతడు మారు ప్రశ్న వేసినచో, చరిత్రాధ్యయన మచటనే యారంభమైనది.