పొత్తిగుడ్డలు – ఉతికే చేతులు

వాడి వాడి మెత్తబడిన నూలుచీర ముక్కే మన పొత్తిగుడ్డ. మా అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు గుడ్డలా, డైపర్లా అనే వాదం చెలరేగింది. సహజంగానే నేను గుడ్డల పక్షం వహించాను. పిదప కొంత చరిత్ర చదివాను.

1946లో అమెరికాలో మారియన్ డోనవన్ అనే తల్లి, తడిసిన పక్కబట్టలు మార్చి మార్చి విసిగి, స్నానాలగది తెరను కత్తిరించి గుడ్డపైకి తడి దిగని తొడుగు కుట్టింది. 1951లో దానికి పేటెంటు లభించింది. వాడి పారవేసే కాగితపు డైపరు చేద్దామంటే మాత్రం తయారీదారులు పెదవి విరిచారు. 1961లో పాంపర్స్ వెలువడింది. దాని వెనుకనున్న ఇంజనీరు విక్టర్ మిల్స్, మనుమల గుడ్డలతో వేసారిన తాతగారే!

గుడ్డలు పర్యావరణానికి మేలన్నది నా వాదం. 2008లో వెలువడిన బ్రిటన్ ప్రభుత్వ అధ్యయనం అది ఉతికే తీరును బట్టి ఉంటుందని తేల్చింది. యంత్రం నిండుగా వేసి, ఆరుబయట ఆరవేసి, రెండవ బిడ్డకూ వాడితేనే గుడ్డలది పైచేయి.

మన పెరట్లో ఎండకు కొదవ లేదు. నా వాదంలో లోపించినవి ఉతికే చేతులు. నాడు అవి మా అమ్మవి, ఆపైన నా ఇల్లాలివి. ఏనాడూ నావి కావు.

చివరకు పగలు గుడ్డలు, రాత్రి డైపరు అని నిర్ణయమైంది. ఉతికే వంతు నాది.