కర్నూలు, కడప మందల్లో టీకా: రక్షణ స్వభావం, చారిత్రక పరిణామం

వ్యాససంగ్రహం:
పశువ్యాధి టీకాల చరిత్రను సాధారణంగా విజయాల వరుసగా చెబుతారు. ఒక టీకా శరీరంలో ఎలా పనిచేస్తుందన్న ప్రశ్న ఆ చరిత్రను ఎలా మలచిందో ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల గొర్రెలు, మేకలు, పశువుల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: రాయలసీమ, ముసర వ్యాధి, పారుడు వ్యాధి, చిటుకు రోగం, సజీవ టీకా, నిర్జీవ టీకా, టాక్సాయిడ్.

1. ఉపోద్ఘాతం:
వర్షాధార సేద్యం తరచుగా దెబ్బతినే మెట్టసీమలో గొర్రె, మేక కరువుకాలపు ఆస్తి. పంట పోయిన ఏడు జీవాలను అమ్మి కుటుంబం నిలదొక్కుకుంటుంది. మేత తరిగినప్పుడు మందలు పొరుగు ప్రాంతాలకు తరలుతాయి, కోత ముగిసిన చేలల్లో ఎరువు కోసం మంద కడతారు. ఈ సంచారమే అంటువ్యాధికి కూడా దారి. అందువల్ల ఇక్కడ టీకా వైద్యశాస్త్ర విషయంగానే కాక జీవనాధార విషయంగా కూడా పరిగణించదగినది.

2. అరువు రక్షణ నుంచి సొంత రక్షణకు:
1953 వరకు ఈ రెండు జిల్లాలు మద్రాసు పాలనలో ఉండేవి. పశువులను ఊళ్లకు ఊళ్లుగా కబళించిన ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) నాటి ప్రధాన సమస్య. 1889లో పుణేలో మొదలైన ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లాబొరేటరీ 1893లో హిమాలయ ప్రాంతంలోని ముక్తేశ్వర్‌కు తరలింది. దక్షిణాదిలో 1932లో రాణీపేటలో సీరం సంస్థ ఏర్పడింది.

రోగాన్ని తట్టుకున్న పశువు నుంచి తీసిన సీరంలో సిద్ధమైన ప్రతిరక్షకాలు ఉంటాయి. వాటిని ఎక్కిస్తే రక్షణ వెంటనే లభిస్తుంది. అయితే అది అరువు రక్షణ. శరీరం స్వయంగా ఏమీ నేర్చుకోదు కనుక కొద్ది వారాల్లోనే తరిగిపోతుంది. 1920లలో ముక్తేశ్వర్‌లో జె.టి. ఎడ్వర్డ్స్ వైరస్‌ను మేకల్లో పదేపదే పెంచి, పశువులకు దాని తీవ్రత తగ్గేలా చేయడంతో మార్గం మారింది. బలహీనపడిన సజీవ వైరస్ శరీరంలో పరిమితంగా వృద్ధి చెందుతుంది. దాంతో ప్రతిరక్షకాలతోపాటు కణాధార రోధకత, దీర్ఘకాల స్మృతి ఏర్పడతాయి. 1960 ప్రాంతంలో కెన్యాలో వాల్టర్ ప్లౌరైట్ రూపొందించిన కణజాల వర్ధన టీకా ఈ పద్ధతిని మరింత సురక్షితం చేసింది.

3. విజయం తెచ్చిన చిక్కు:
భారతదేశంలో ముసర నిర్మూలన పథకం 1954లో ప్రారంభమైంది. దేశంలో చివరి కేసు 1995లో నమోదైంది. 2011లో ప్రపంచం ఈ వ్యాధి నుంచి విముక్తమైనట్లు ప్రకటించారు. అయితే విముక్తిని నిరూపించడానికి టీకాను ఆపవలసి వచ్చింది. సజీవ టీకా వల్ల పుట్టే ప్రతిరక్షకాలకూ, అసలు రోగం వల్ల పుట్టేవాటికీ రక్తపరీక్షలో తేడా తెలియదు. టీకా కొనసాగినంతకాలం రోగం దాగి ఉందో లేదో చెప్పలేరు.

ఇంతలో 1987లో తమిళనాడులోని అరసూరులో గొర్రెల్లో పారుడు వ్యాధి (పి.పి.ఆర్.) దేశంలో తొలిసారి నిర్ధారణ అయింది. అంతకుముందు ఇలాంటి లక్షణాలను ముసరగా భావించేవారు. రెండు వైరస్‌లు దగ్గరి బంధువులు కావడంతో ముసర టీకా గొర్రెలను, మేకలను కూడా కాపాడగలిగేది. ముసర నిఘా కోసం ఆ టీకాను వదులుకోవడంతో ఈ అడ్డు రక్షణ కూడా తొలగింది. పశువుల మేలు కోసం తీసుకున్న నిర్ణయం వల్ల జీవాలకు సొంత టీకా అవసరమైంది. హిమాచల్ ప్రదేశ్‌లో సేకరించిన సుంగ్రీ/96, తమిళనాడు నుంచి వచ్చిన అరసూర్/87 వైరస్ రకాలతో సజీవ టీకాలు రూపొందాయి. 2010లో మొదలైన జాతీయ నియంత్రణ కార్యక్రమం తొలి దశలోనే ఆంధ్రప్రదేశ్‌కు చోటు దక్కింది.

4. ఒకే పద్ధతి చాలని వ్యాధులు:
తొలకరి తర్వాత లేతగడ్డి మేసిన గొర్రెలు హఠాత్తుగా పడిపోయే చిటుకు రోగానికి బాక్టీరియా కన్నా అది పేగులో విడిచే విషం ప్రధాన కారణం. అందువల్ల ఈ టీకాకు ఆ విషమే ఆధారం. ఫార్మలిన్‌తో హాని తొలగించిన విషాన్ని (టాక్సాయిడ్) ఎక్కిస్తే, శరీరం అసలు విషాన్ని నిర్వీర్యం చేసే ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. ఇందులో వృద్ధి చెందే క్రిమి లేదు కనుక రక్షణ క్రమంగా తగ్గుతుంది. తొలిసారి రెండు మోతాదులు, తర్వాత ఏటా వానలకు ముందు మరొకటి అవసరమవుతాయి.

నీలి నాలుక వ్యాధిని చిన్న కుట్టే ఈగలు వ్యాపింపజేస్తాయి. ఈ వైరస్‌లో 20కి పైగా రకాలున్నాయి. ఒక రకానికి వచ్చిన రక్షణ మరొకదానికి చాలదు. సజీవ టీకా వైరస్ క్షేత్రంలోని వైరస్‌తో జన్యుభాగాలు మార్చుకునే ప్రమాదం ఉండడంతో దేశంలో ఐదు రకాలు కలిపిన నిర్జీవ టీకాను ఎంచుకున్నారు. గాలికుంటుకు వాడే నిర్జీవ టీకాను ఆరు నెలలకోసారి వేయవలసి ఉంటుంది. అయితే శుద్ధి చేసిన ఆ టీకా పొందిన పశువును, రోగం సోకిన పశువును పరీక్షలో వేరుచేయవచ్చు. ముసర కాలంలో లేని సౌకర్యం ఇదే.

5. శీతల శ్రేణి, సంచార మంద:
సజీవ టీకా మేలు పరిస్థితులపై ఆధారపడి ఉంటుంది. ఎండబెట్టి గడ్డకట్టించిన మందును చల్లగా నిల్వ చేసి, ద్రవంలో కలిపిన కొద్ది గంటల్లోనే వాడాలి. 40 డిగ్రీలు దాటే కడప వేసవిలో దూరపు మేతభూమికి చేరేలోపు వైరస్ చనిపోతే సూది పడుతుంది గాని రక్షణ ఏర్పడదు. టీకా వేసే రోజున మంద వలసలో ఉంటే ఆ జీవాలు లెక్కకే రావు. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల వంటి స్థానిక సంస్థలు పరిశోధించదగిన అంశమిది.

6. ముగింపు:
ఈ పరిశీలనలో రెండు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, టీకా ఎంపికను క్రిమి స్వభావంతోపాటు నిఘా అవసరం కూడా నిర్ణయించింది. రెండు, ఒక టీకాను విరమించుకోవడం కూడా దానిని ప్రవేశపెట్టినంత చారిత్రక ఘటనే. పారుడు వ్యాధిని 2030 నాటికి ప్రపంచం నుంచి తొలగించాలన్న లక్ష్యం ముందున్నది. వాడుకలోని టీకాలు మూడేళ్లకు తగ్గకుండా కాపాడతాయి. అయినా ఏటా పుట్టే పిల్లలకు ఆ స్మృతి ఉండదు. వలస మందల బాటలను లెక్కలోకి తీసుకోని టీకా కాలపట్టిక రాయలసీమలో అసంపూర్ణంగానే మిగులుతుంది.