టీకాకు అడ్డొచ్చిన వంకర అక్షరాలు

మా కోసిగి ప్రాంతంలో ‘సదరం’ అన్న మాట వినని ఇల్లు అరుదు. ఉమ్మడి రాష్ట్రంలో వైకల్యశాతాన్ని కంప్యూటర్ సాయంతో నిర్ధారించి ధ్రువపత్రమిచ్చేందుకు ఏర్పడిన పద్ధతి అది. 40 శాతం తేలితేనే పింఛను. అంటే కంప్యూటర్ దివ్యాంగులను కొలవడం ముందు నేర్చుకున్నది. వారు దానిని స్వయంగా వాడుకోగలరా అన్న ప్రశ్న చాలా ఆలస్యంగా పుట్టింది.

ఆ ఆలస్యం 2021లో ప్రాణాల మీదికి వచ్చింది. మే 1న 18–44 ఏళ్లవారికి టీకాలు మొదలైనప్పుడు కోవిన్‌లో నమోదు తప్పనిసరి. చూపులేనివారి ఫోనులో స్క్రీన్ రీడర్ తెరమీది రాతను చదివి వినిపిస్తుంది. కానీ బొమ్మగా ఇచ్చిన వంకర అక్షరాలను, అంటే క్యాప్చాను, అది చదవలేదు. కోవిన్‌లో దానిని వినిపించే ఏర్పాటు లేదు. మే 31న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ నాగేశ్వరరావు (మన చీరాలవారే), జస్టిస్ రవీంద్రభట్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఈ లోపాన్ని తన ఉత్తర్వులో ప్రస్తావించింది. కీబోర్డుతో నడిపే వీలు లేదనీ, వ్యవధి ముగిసిందని మధ్యలో బయటికి నెట్టకుండా తగినంత సమయమివ్వాలనీ అందులో ఉంది. ఈ రెండవది చూపులేనివారికే పరిమితమైన మాట కాదు. చేతులు వణికే పార్కిన్సన్స్ రోగికీ, పక్షవాతంతో ఒక చేయి పడిపోయినవారికీ ఆ అదనపు నిమిషాలే ఆధారం.

చట్టం లేక కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సేవాసంస్థలకు, నియమాలు వెలువడిన నాటినుండి రెండేళ్ల గడువిచ్చింది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. 2019 జూన్‌తో గడువు తీరింది. వైద్యుల అపాయింట్‌మెంట్లిచ్చే ప్రాక్టో యాప్‌పై అంధ న్యాయవాది రాహుల్ బజాజ్ ఫిర్యాదు చేయగా, దానిని అందరికీ అనువుగా మార్చాలని దివ్యాంగుల ముఖ్య కమిషనర్ 2022లో ఆదేశించారు. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 15వ నియమాన్ని కొట్టివేసింది; అది కేవలం సలహాలతో సరిపెట్టుకున్నదనీ, తప్పనిసరి ప్రమాణాలు కావాలనీ అన్నది. 2025 ఏప్రిల్ 30 నాటి తీర్పుకు మూలం మరింత బాధాకరం: బ్యాంకు ఖాతాకోసం కెమెరా ముందు కన్ను ఆర్పమంటే, యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్ ఆర్పలేకపోయారు. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమేనని న్యాయస్థానం తేల్చింది.

మధుమేహంతో అరవయ్యోయేట చూపు పోయినవారికి బ్రెయిలీ రాదు. ఫోను చదివే తెలుగే వారికి దిక్కు. రక్తపరీక్ష ఫలితాన్ని ల్యాబువారు ఫొటో తీసి పంపితే, ఆ ఫోను ‘ఇమేజ్’ అని మాత్రం పలికి ఊరుకుంటుంది.