పాలనాటి రాతి మిద్దె

మా పాస్టరేటులోని ఒక గ్రామములో మూడు తరములు కాపురమున్న రాతి మిద్దెను కూల్చుచున్నారని తెలిసి, సంఘపు పెద్ద ఒకరిని వెంటబెట్టుకొని చూడబోయినాము. గురజాల, మాచర్ల ప్రాంతములలో ఇట్టి ఇండ్లలో పుట్టి పెరిగినవారు మన పాఠకులలో అనేకులుందురు. వారికి మేము క్రొత్తగా చెప్పునది లేదు. వారి పిల్లల కొరకు వ్రాయుచున్నాము.

పాలనాటి ఇంటికి మూలము పాలనాటి రాయే. ఇచ్చట నేల త్రవ్వితే సున్నపురాయి పలకలు పలకలుగా లేచును. అదే మన నాపరాయి. అమరావతిలోను, నాగార్జునకొండలోను శిల్పులు బుద్ధుని కథలు చెక్కినది పాలనాటి సున్నపురాతిమీదనే. నాగార్జునకొండ లోయలో 1954-60 నాటి త్రవ్వకములలో బయటపడిన ఇక్ష్వాకుల కాలపు ఇండ్ల గోడలు సుమారు 1700 ఏండ్ల నాటివి. అవి కూడ రాళ్ళను మట్టితో పేర్చి కట్టినవే.

మేము చూచిన మిద్దె గోడలు రెండు మూరల మందము. వేసవి ఎండను పగలంతయు గోడయే మ్రింగును. అది లోపలికి చేరుసరికి ప్రొద్దుగూకును. అప్పటికి ఇంటివారు మిద్దెపైకెక్కి పండుకొనెడివారు. దూలములపై నాపలు పరచి, మట్టి పోసి, దిమ్మిస కొట్టిన కప్పు అది. తొలకరికి ముందు సరిచూచుకొనకున్న కారుట తప్పదు. ఆ చాకిరి పాలేర్లమీద పడెడిది. యజమానులు మాత్రము రాతి ఇంటికి ఖర్చే లేదనెడివారు! నడుమ మండువా, చుట్టు వసారా, వీధివైపు అరుగు.

1958లో మాచర్లలో కె.సి.పి. సిమెంటు కర్మాగారము వచ్చినది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదిలినారు. పంట డబ్బు కండ్లజూచినవారు శ్లాబులు వేసుకొన్నారు. సిమెంటుకు కావలసినదియు సున్నపురాయే. పలకగా ఉండి ఇంటిని నిలిపిన రాయి, పొడియై దానిని కూల్చినదనవచ్చును.

మా వెంట వచ్చిన పెద్దాయన అరుగు దగ్గరనే ఆగిపోయినాడు. “ఈ నాపలు గడ్డపారతో లేపి బండికెత్తినవాడు మా తాతే అయ్యగారూ. ఇల్లు లేచినాక అరుగు ఎక్కి ఎరుగడు. కూలి గింజలు కూడ వీధిలోనే కొంగు పట్టి తీసుకొన్నాడు” అన్నాడు. ఇంటి యజమాని కుమారుడు బయటకు వచ్చి, “లోపలికి రా పెద్దయ్యా” అని పిలిచినాడు. ఆయన చెప్పులు విడిచి, మండువా దాటి, వంటింటి గడప వరకు పోయి, తలయెత్తి కప్పును చాలసేపు చూచినాడు. తరువాత నాప ఒక్కింటికి ఎంతకిచ్చెదరని అడిగినాడు. తన ఇంటి ముందు అరుగు వేసుకొనుటకు నాలుగు కావలెనట.