48 మాత్రల స్వేచ్ఛ

జాజ్ వాద్యకారుడు తోచినది తోచినట్లు వాయించునని పలువురి భావన. 1930 తరువాతి స్వింగ్ యుగమున అమెరికాలోని నల్లజాతి వాద్యబృందములు బ్లూస్‌ను వినిపించిన తీరును పరిశీలించినచో ఈ భావన నిలువదు. వారి స్వేచ్ఛకు కట్టుదిట్టమైన చట్రమొకటి ఆధారము.

ఆ చట్రము పండ్రెండు ఖండముల ఆవర్తము. ఖండమునకు నాలుగు మాత్రలు, మొత్తము 48. మన సంగీతమున ఆధారషడ్జము కదలదు. బ్లూస్‌లోనో, పాటకు అడుగున నున్న నేలయే కదలును. కొన్ని స్వరములు ఒక్కసారిగా పలుకగా ఏర్పడు పుంజమును పాశ్చాత్యులు కార్డు అందురు. మొదటి నాలుగు ఖండములలో షడ్జముపై కట్టిన కార్డు మ్రోగును; అయిదారింట శుద్ధమధ్యమముపై కట్టినది; పిదప రెండింట మరల షడ్జము; తొమ్మిది పదింట పంచమము; తుదకు షడ్జము. నాలుగవ ఖండమున కైశికి నిషాదము చేరగానే చెవి మధ్యమమునకై ఎదురుచూచును. స్వింగ్ వాద్యకారులు తరచు తొమ్మిదవ ఖండమున రిషభముపై కార్డును నిలిపి పంచమమునకు మెట్టు కట్టిరి.

ఈ దారి అందరికిని కంఠస్థము. కావున ఏకవాద్యకారుడు దారి తప్పుదునన్న భయము లేక విహరింపగలడు. కార్డులో అంతర గాంధారము మ్రోగుచుండగా అతడు సాధారణ గాంధారమునో, ఆ రెంటి నడిమి శ్రుతినో పలికించును. ఆ ఒరపిడి అపస్వరము కాదు, బ్లూస్‌కు ప్రాణమదియే.

మిస్సోరి రాష్ట్రపు కాన్సాస్ సిటీలో రూపొందిన కౌంట్ బేసీ బృందము 1937లో రికార్డు చేసిన ‘వన్ ఓ క్లాక్ జంప్’ ఇందుకు నిదర్శనము. బేసీ పియానో ముగియగానే శ్రుతి మారును, ఆవర్తము మారదు. హెర్షెల్ ఎవాన్స్, లెస్టర్ యంగ్ ఇరువురును వాయించినది టెనర్ సాక్సఫోనే, దారియు ఒక్కటే. అయినను ఎవాన్స్ నాదము దట్టము, యంగ్ నాదము తేలిక. వెనుక నున్నవారు చిన్న పలుకులను పదేపదే వాయించుచు వారికి ఊతమిత్తురు. ఇట్టి ఏర్పాట్లు పెక్కు కాగితముపై గాక, సాధనలో నలుగురి నోటను, చెవిని పుట్టి జ్ఞాపకమున నిలిచినవి.

అందుచేతనే ఒక చిక్కు కలదు. అచ్చుప్రతికి కర్త యొక్కడు కావలెను. ఈ కృతికి బేసీ పేరే నిలిచినది. పలుకులను కూర్చిన తక్కిన చేతులు చట్టమునకు కనబడవు. బ్లూస్‌ను అర్థము చేసికొనుట యనగా కార్డులను లెక్కించుట మాత్రమే కాదు. పేరు దక్కని ఆ చేతులను చెవితో గుర్తించుట కూడ.