అంతరాయాన్ని బట్టి మారే అప్‌లింక్ మాడ్యులేషన్: ఫోన్ మాట టవర్‌కు చేరే తీరు

మొబైల్ ఫోన్‌లో అవతలివారి మాట స్పష్టంగా వినిపిస్తున్నా, మన మాట వారికి చేరని సందర్భాలు తరచుగా ఎదురవుతాయి. తెరపై సిగ్నల్ గీతలు మాత్రం నిండుగానే కనిపిస్తాయి. ఆ గీతలు టవర్ నుంచి ఫోన్‌కు వచ్చే సంకేతపు బలాన్నే సూచిస్తాయి. ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే మార్గం స్థితిని అవి తెలపవు. మొదటి మార్గాన్ని డౌన్‌లింక్ అని, రెండవదానిని అప్‌లింక్ అని వ్యవహరిస్తారు. ఈ రెండింటిలో బలహీనమైనది అప్‌లింక్. టవర్ పదుల వాట్ల శక్తితో ప్రసారం చేయగలదు. సాధారణ 4జీ ఫోన్ గరిష్ఠ ప్రసార శక్తి మాత్రం సుమారు 200 మిల్లీవాట్లే. ఊరి చివరి నుంచి 112 అత్యవసర నంబరుకు చేసే కాల్ ఫలించడం ఈ కొద్దిపాటి శక్తిని ఎంత నేర్పుగా వినియోగిస్తున్నారన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

మాడ్యులేషన్ అంటే ఏమిటి?

అంకెల రూపంలోని సమాచారాన్ని రేడియో తరంగంపై ఎక్కించే ప్రక్రియే మాడ్యులేషన్. తరంగంలో పంపే ఒక్కో సంకేత చిహ్నం క్యూపీఎస్‌కే విధానంలో 2 బిట్లను, 16 క్వామ్‌లో 4 బిట్లను, 64 క్వామ్‌లో 6 బిట్లను, 256 క్వామ్‌లో 8 బిట్లను మోస్తుంది. బిట్లు పెరిగే కొద్దీ వేగం పెరుగుతుంది. అయితే చిహ్నాల మధ్య తేడా సన్నగిల్లి, కొద్దిపాటి అంతరాయానికే టవర్ ఒకదానిని మరొకటిగా పొరబడే ప్రమాదం ఏర్పడుతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో వేగంగా మాట్లాడినా అర్థమవుతుంది. తిరునాళ్ల సందడిలో అదే మాటను నిదానంగా, ఒకటికి రెండుసార్లు చెప్పవలసి వస్తుంది. సంకేతానికి, అందులో కలిసే అవాంఛిత శబ్దానికి ఉన్న నిష్పత్తిని బట్టి పంపగల సమాచారానికి ఒక పరిమితి ఉంటుందని అమెరికా గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ 1948లో నిరూపించారు. ఆ పరిమితికి వీలైనంత దగ్గరగా, దానిని దాటకుండా నడవడమే మాడ్యులేషన్ సర్దుబాటు లక్ష్యం.

అంతరాయం ఎందుకు మారుతుంది?

2జీ కాలంలో పొరుగు టవర్లకు సాధారణంగా వేర్వేరు ఫ్రీక్వెన్సీలు కేటాయించేవారు. 4జీలో పక్కపక్క టవర్లు కూడా ఒకే ఫ్రీక్వెన్సీని వాడుకోవడం మామూలైంది. అందువల్ల పొరుగు సెల్ అంచున ఉన్న వ్యక్తి ఫోన్ సంకేతం ఈ టవర్‌కు కూడా వినిపిస్తుంది. డౌన్‌లింక్‌లో అంతరాయం కలిగించేవి కదలని టవర్లు. అప్‌లింక్‌లో కలిగించేవి జనం చేతుల్లోని ఫోన్లు. 4జీలో ఏ ఫోన్ ఎప్పుడు ప్రసారం చేయాలన్న నిర్ణయం ప్రతి మిల్లీసెకనుకు మారగలదు. ఒక క్షణాన పొరుగు సెల్‌లో టవర్ కిందనే ఉన్న ఫోన్ ప్రసారం చేస్తే, మరుక్షణం సరిహద్దులో ఉన్న ఫోన్ వంతు రావచ్చు. అప్పుడు అంతరాయం ఒక్కసారిగా ఎగబాకుతుంది.

నిర్ణయం టవర్‌దే

ఫోన్ పంపే నమూనా సంకేతాలను టవర్‌లోని బేస్ స్టేషన్ స్వయంగా కొలిచి, ఏ మాడ్యులేషన్ వాడాలో, దోష సవరణకు ఎన్ని అదనపు బిట్లు చేర్చాలో నిర్ణయించి ఆదేశం పంపుతుంది. ఫోన్ దానిని పాటిస్తుంది. 4జీలో విస్తృతంగా వాడే ఎఫ్‌డీడీ విధానంలో ఆదేశానికి, ప్రసారానికి మధ్య 4 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది. ఈలోగా అంతరాయం మారిపోవచ్చు. అందుకే బేస్ స్టేషన్ కొలతను యథాతథంగా నమ్మక, కొంత రక్షణ అంతరాన్ని పాటిస్తుంది.

ఆ అంతరాన్ని అనుభవం సరిదిద్దుతుంది. ఉదాహరణకు, పంపిన సమాచార ఖండం చెడిపోయిన ప్రతిసారి దానిని 0.9 డెసిబెల్ పెంచి, సరిగా అందిన ప్రతిసారి 0.1 డెసిబెల్ తగ్గిస్తారనుకుందాం. ఒక వైఫల్యాన్ని తొమ్మిది విజయాలు సరితూచుతాయి కనుక, తొలి ప్రయత్నంలో విఫలమయ్యే ఖండాల వాటా 10 శాతం దగ్గర నిలకడగా ఉంటుంది. ఈ 10 శాతం వృథా కాదు. చెడిన ఖండాన్ని పారవేయకుండా, మళ్లీ పంపిన ప్రతితో కలిపి చదువుతారు. ఒక్క ఖండమూ చెడకూడదని అతిజాగ్రత్త వహిస్తే ఎప్పుడూ తక్కువ వేగంతోనే పంపవలసి వస్తుంది. దానివల్ల విలువైన స్పెక్ట్రమ్ వృథా అవుతుంది. ఆలస్యాన్ని సహించని ఫోన్ సంభాషణలకు మరో ఏర్పాటు ఉంది. సెల్ అంచున ఉన్నవారి మాటను వరుసగా నాలుగు మిల్లీసెకన్లలో నాలుగుసార్లు పంపే వెసులుబాటు 4జీ ప్రమాణాల్లో ఉంది.

శక్తి పెంచితే సరిపోదా?

సరిపోదు. ఒక ఫోన్ గొంతు పెంచితే పొరుగు సెల్‌కు అంతరాయం పెరుగుతుంది. అక్కడి ఫోన్లూ గొంతు పెంచితే చివరకు ఎవరికీ లాభం ఉండదు. అందుకే దూరం వల్ల కలిగే నష్టాన్ని పూర్తిగా కాక, కొంతమేరకే భర్తీ చేసుకునేలా ఫోన్లను నియంత్రించే పద్ధతి 4జీలో ఉంది. అంతరాయం మితిమీరినప్పుడు బేస్ స్టేషన్లు పరస్పరం హెచ్చరించుకొనే ఏర్పాటూ ఉంది.

భారత పరిశోధకుల కృషి

టవర్ల మధ్య దూరం ఎక్కువగా ఉండే గ్రామీణ ప్రాంతాల్లో అప్‌లింక్ సమస్య మరింత తీవ్రం. 6 కిలోమీటర్ల దూరంలో టవర్లు ఉండే పరిస్థితిని కూడా 5జీ సాంకేతికతల పరీక్షలో చేర్చాలన్న భారత్ వాదనను అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ అంగీకరించింది. ఒక్కో చిహ్నానికి ఒకే బిట్టును మోసే పై/2 బీపీఎస్‌కే మాడ్యులేషన్‌లో తరంగపు ఎగుడుదిగుళ్లు తక్కువ. అందువల్ల ఫోన్ తన శక్తిని దాదాపు పూర్తిగా వినియోగించుకోగలదు. దీనిని మెరుగుపరచి వాడే 5జీఐ ప్రమాణం రూపకల్పనలో ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్ పరిశోధకులు పాలుపంచుకున్నారు. 2021లో అంతర్జాతీయ గుర్తింపు పొందిన ఈ ప్రమాణం తరువాత 3జీపీపీ ప్రమాణాల్లో విలీనమైంది.

బూస్టర్లతో చేటు

లైసెన్సు లేకుండా సిగ్నల్ బూస్టర్లు అమర్చడం చట్టవిరుద్ధం. ఒక ఇంట్లో అమర్చిన నాసిరకం బూస్టర్ తన సొంత రొదను సైతం టవర్‌కు పంపుతుంది. ఆ సెల్‌లోని ఫోన్లు తక్కువ బిట్ల మాడ్యులేషన్‌కు దిగవలసి వస్తుంది. అందరి వేగం తగ్గుతుంది, అంచున ఉన్నవారి కాల్స్ తెగిపోతాయి. మాడ్యులేషన్ సర్దుబాటు అంతరాయాన్ని తట్టుకొనే ఉపాయమే తప్ప, దానిని తొలగించే మార్గం కాదు. అతి తక్కువ బిట్ల స్థాయి కూడా నిలవలేని చోట, సర్దుబాటుకు మిగిలేది ఏమీ ఉండదు.