తాబేలు పెంచిన ఆశలు
రేపటి యంత్రం ఎలా ఉండాలని పిల్లలు కోరుకుంటారో, ఇవాళ వాళ్ల చేతిలో ఉన్న యంత్రమే చాలావరకు తేలుస్తుంది. 1967లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో సేమూర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోయర్‌జైగ్ పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను రూపొందించారు. కొన్నేళ్లకే దానికి నేలమీద తిరిగే తాబేలు రోబో తోడైంది. 'ఫార్వర్డ్ 50, రైట్ 90' అని నాలుగుసార్లు చెబితే, పొట్ట కింది పెన్నుతో అది కాగితంమీద చతురస్రం గీసేది. కోణం తప్పితే బొమ్మ చెడేది. అప్పుడు తానే తాబేలై గదిలో నడిచి చూసుకుంటే తప్పెక్కడుందో పిల్లవాడికి దొరికేది. యంత్రం మన మాట వింటుంది, మన తప్పు దిద్దుకోనిస్తుంది అన్న నమ్మకం అలా నాటుకుంది. ఆ ప్రయోగాలు చూసిన కంప్యూటర్ శాస్త్రవేత్త అలన్ కే 1972లో డైనాబుక్‌ను ప్రతిపాదించాడు: చంకన పెట్టుకుపోగల కంప్యూటర్, అందులో ప్రోగ్రాములు పిల్లలే రాసుకోవాలి.

2010లో ఐప్యాడ్ వచ్చేసరికి ఆ ఊహకు ఆకారం దక్కింది, ప్రాణం మాత్రం సగమే దక్కిందని నా అభిప్రాయం. వేలు తాకితే చాలు, బొమ్మ కదులుతుంది; ఎందుకు కదిలిందో అడిగే అవసరం రాదు. అలా పెరిగిన పిల్లలు ప్రతి వస్తువూ తాకగానే పలకాలని ఆశిస్తారు, దాన్ని మార్చవచ్చని మాత్రం అనుకోరు. అక్షరాలు రాని పసివాళ్లకూ తెర అందిందిగా అంటారు. నిజమే, లోగోకు చదవడం, టైపు చేయడం రావాలి, అది చిన్న అడ్డంకి కాదు. అయితే 2014లో వచ్చిన స్క్రాచ్‌జూనియర్ అనే ప్రోగ్రామింగ్ యాప్‌లో ఐదేళ్ల పిల్లలు అదే తెరమీద బొమ్మల దిమ్మలు జతచేసి పిల్లిని నడిపిస్తున్నారు. కాబట్టి లోపం తెరది కాదు, పిల్లలను కేవలం వాడకందార్లుగా లెక్కగట్టిన రూపకర్తలది.